మంచు తగ్గినా, పెరిగినా: పెంగ్విన్ల వేల ఏళ్ల చరిత్ర

పెంగ్విన్లు మంచుతో పాటు పుట్టిన పక్షులు కావు. న్యూజీలాండ్‌లో దొరికిన వైమాను అనే పెంగ్విన్ శిలాజాల వయసు సుమారు 6 కోట్ల సంవత్సరాలు కాగా, అంటార్కిటికా ఖండాన్ని పెద్ద ఎత్తున మంచు కప్పడం మొదలై దాదాపు 3 కోట్ల 40 లక్షల సంవత్సరాలే అయింది. అంటే రాక్షసబల్లులు అంతరించిన కొద్ది కాలానికే రెక్కలను తెడ్లుగా మార్చుకొని సముద్రంలోకి దిగిన ఈ పక్షులు, తమ చరిత్రలో మంచుతో సంబంధం లేని కోట్ల సంవత్సరాలను వెచ్చని నీళ్లలోనే గడిపాయి. ఈనాటికీ మిగిలిన సుమారు 18 జాతుల్లో ఎక్కువ భాగం మంచు పలచగా ఉన్నచోటనో, అసలు లేనిచోటనో బతుకుతున్నాయి. బతుకంతా సముద్రపు మంచుతో ముడిపడినవి ప్రధానంగా రెండే, ఒకటి అడెలీ, రెండవది ఎంపరర్.

అందువల్ల భూమి వేడెక్కితే మంచు కరుగుతుందనీ, మంచు కరిగితే పెంగ్విన్లు చచ్చిపోతాయనీ చెప్పే సూటి లెక్క సగమే నిజం. మంచును ఆశ్రయించిన ఈ రెండు జాతులకూ మంచు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా బతుకు కష్టమే. వాటికి కావలసింది ఆ రెండింటికీ మధ్య ఉన్న ఒక ఇరుకైన హద్దు. వేల సంవత్సరాలుగా వాతావరణం మారినప్పుడల్లా ఆ హద్దు కూడా చోటు మారింది, పెంగ్విన్లు దాని వెంట కదిలాయి. ఈ కదలికకు సాక్ష్యాలు నేటికీ ఆ నేలలోనే భద్రంగా ఉన్నాయి.

ఆ సాక్ష్యాలను అర్థం చేసుకోవాలంటే అడెలీ పెంగ్విన్ గూడును కొంచెం దగ్గరగా చూడాలి. సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తుండే ఈ పక్షికి, 1840లో అంటార్కిటికాను చేరిన ఫ్రెంచి నావికుడు ద్యుమోం ద్యుర్విల్ తన భార్య అడేల్ పేరు పెట్టిన తీరం మీదుగా ఆ పేరు వచ్చింది. ఈ పక్షి మంచు మీద గుడ్లు పెట్టదు. ఖండంలో మంచు కప్పని నేల ఒక శాతం కన్నా తక్కువే అయినా, వసంతం రాగానే సముద్రం పక్కన ఉన్న ఆ కొద్దిపాటి రాతినేలనే వెతుక్కొని, గులకరాళ్లను ఒక్కొక్కటిగా ముక్కుతో మోసుకొచ్చి గుండ్రని గూడు పేర్చి అందులో రెండు గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ల ఎత్తు వల్లనే, కరిగిన మంచునీరు కింద పారుతున్నా గుడ్లు తడవకుండా ఉంటాయి. ఏటేటా అదే స్థలానికి వేల జతలు తిరిగి రావడంతో గులకరాళ్లు, రెట్ట, ఊడిన ఈకలు, పగిలిన పెంకులు, చనిపోయిన పిల్లల ఎముకలు, తిన్న చేపల చెవి ఎముకలు పొర మీద పొరగా పేరుకుపోతాయి. చలి, పొడిగాలి కలిసి వాటిని కుళ్లనివ్వవు. పాత ఇంటి పునాది తవ్వినప్పుడు తాతముత్తాతల కాలపు కుండపెంకులు వరుసగా బయటపడ్డట్టు, పెంగ్విన్లు విడిచివెళ్లిన చోట గొయ్యి తీస్తే పైన కొన్ని వందల ఏళ్ల నాటి ఈకలు, కింద కొన్ని వేల ఏళ్ల నాటి ఎముకలు దొరుకుతాయి. చర్మం, ఈకలతో సహా ఎండిపోయిన పిల్లల శవాలు కూడా అరుదేమీ కావు.

వీటి వయసు తేల్చడానికి శాస్త్రవేత్తలు రేడియో కార్బన్ పద్ధతిని వాడతారు. ప్రాణి బతికున్నంతకాలం ఆహారం ద్వారా దాని శరీరంలో చేరే ఒక రకం కార్బన్, ప్రాణం పోయాక తెలిసిన వేగంతో క్షీణిస్తూ పోతుంది కాబట్టి, మిగిలిన భాగాన్ని కొలిచి ఎన్నేళ్లయిందో లెక్కకట్టవచ్చు. అయితే అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో అడుగు నుంచి పైకి వచ్చే నీటిలోని కార్బన్ ముందే పాతబడి ఉంటుంది గనుక, ఆ నీటిలో తిండి తిన్న పెంగ్విన్ ఎముక అసలు వయసు కన్నా కొన్ని వందల ఏళ్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తేడాను తీసివేసిన తరువాతనే తేదీలను నమ్ముతారు.

ఇటలీ శాస్త్రవేత్తలు కార్లో బరోనీ, జుసెప్పె ఒరొంబెల్లి 1994లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ఒక మలుపు. అంటార్కిటికాలోని రాస్ సముద్రపు పశ్చిమ తీరంలో పెంగ్విన్లు విడిచిపెట్టిన పాత స్థావరాలను పరిశీలించి, నేటికి సుమారు 4,000 నుంచి 3,000 ఏళ్ల కిందట ఆ తీరమంతటా అడెలీలు విస్తారంగా గుడ్లు పెట్టాయనీ, ఈనాడు ఒక్క పక్షి కూడా అడుగుపెట్టని చోట్ల అప్పుడు పెద్ద గుంపులు ఉండేవనీ వారు చూపించి, ఆ కాలానికి పెంగ్విన్ల ఉత్తమ దశ అని పేరు పెట్టారు. అది కొంత వెచ్చని కాలం. వేసవిలో తీరం దగ్గరి సముద్రం తెరుచుకొని ఉండడం వల్ల పెద్ద పక్షులు గూటి నుంచి నీటికి, నీటి నుంచి గూటికి తక్కువ దూరంలో తిరగగలిగాయి. తరువాత చలి పెరిగి తీరానికి మంచు గట్టిగా అతుక్కుపోవడంతో చాలా స్థావరాలు ఖాళీ అయ్యాయి. వెచ్చదనం ఆ పక్షులకు మేలు చేసిందీ, చలి వాటిని తరిమిందీ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికా పరిశోధకుడు స్టీవెన్ ఎమ్‌స్లీ, ఆయన సహచరులు ఈ చరిత్రను మరింత వెనక్కి తీసుకువెళ్లారు. 2007లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం రాస్ సముద్ర ప్రాంతంలో అడెలీలు 45,000 ఏళ్ల కిందటే ఉన్నాయి. సుమారు 27,000 ఏళ్ల కిందట హిమయుగపు మంచుఫలకం సముద్రం మీదికి విస్తరించడంతో అవి కనుమరుగై, ఆ మంచు వెనక్కి తగ్గి తీరం బయటపడ్డాక, అంటే నేటికి 8,000 ఏళ్ల కిందట, మళ్లీ వచ్చాయి. మధ్యలో గడిచిన కాలం మనిషి నేర్చిన వ్యవసాయ చరిత్ర కన్నా పెద్దది. అన్ని వేల ఏళ్లు ఒక సముద్రతీరం నుంచి పూర్తిగా దూరమైన జాతి తిరిగి రాగలిగిందంటే, ఆ కాలమంతా అది మరెక్కడో తలదాచుకోగలిగిందని అర్థం.

ఈ చరిత్రలో కేప్ ఇరిజార్ ఘట్టం విశేషమైనది. రాస్ సముద్రతీరంలోని ఆ రాతిదిబ్బ మీద పెంగ్విన్లు ఉన్నట్టు చరిత్రకెక్కిన కాలంలో ఎవరూ రాయలేదు. అయినా 2016 జనవరిలో అక్కడికి వెళ్లిన ఎమ్‌స్లీకి నిన్నమొన్న చనిపోయినట్టు కనిపించే పిల్లల కళేబరాలు, ఈకలు, రెట్ట మరకలు నేల మీద ఎదురయ్యాయి. వయసు కొలిస్తే అవి వందల, వేల ఏళ్ల నాటివి. 5,000 ఏళ్ల కాలంలో పెంగ్విన్లు ఆ దిబ్బ మీదికి విడతలు విడతలుగా వచ్చి స్థిరపడ్డాయని, చివరి విడత సుమారు 800 ఏళ్ల కిందట ముగిసిందని తేలింది. వందల ఏళ్లుగా వాటిని కప్పి ఉంచిన మంచు ఇటీవలి వేడికి కరగడంతో అవి మొదటిసారి బయటపడ్డాయి. గతంలోని వాతావరణ మార్పుకు సాక్ష్యాన్ని నేటి వాతావరణ మార్పే వెలికితీసిందన్న మాట.

ఎముకలు దొరకని కాలాల గురించి చెప్పేది డి.ఎన్.ఎ. ఒక జాతిలో ఇప్పుడున్న పక్షుల మధ్య జన్యుపరమైన తేడాలు ఎంత ఎక్కువగా ఉంటే గతంలో దాని సంఖ్య అంత పెద్దదనీ, తేడాలు తక్కువైతే ఎప్పుడో ఒకప్పుడు అది కొద్ది పక్షులకు కుదించుకుపోయిందనీ స్థూలంగా చెప్పవచ్చు. జేన్ యంగర్, ఆమె సహచరులు 2015లో ఈ పద్ధతితో ఎంపరర్ పెంగ్విన్లను పరిశీలించి, చలికి అత్యంత అలవాటుపడినదిగా పేరున్న ఈ జాతి కూడా గత హిమయుగపు తీవ్రదశలో బాగా తగ్గిపోయి మూడు గుంపులుగా మాత్రమే మిగిలిందని తేల్చారు. అప్పుడు శీతకాలపు సముద్రపు మంచు ఇప్పటికి దాదాపు రెట్టింపు విస్తరించి ఉండడం వల్ల, ఆహారం దొరికే తెరిచిన నీరు గుడ్లు పెట్టే చోటికి అందనంత దూరమైంది. అందులో ఒక గుంపు రాస్ సముద్రంలో, గాలులు, ప్రవాహాల వల్ల చుట్టూ మంచున్నా గడ్డకట్టకుండా తెరిచి ఉండే నీటిమడుగు పక్కన బతికి ఉంటుందని వారి భావన. ఇలాంటి మడుగును పాలీనియా అంటారు. అదే బృందం తూర్పు అంటార్కిటికాలోని అడెలీలను పరిశీలించినప్పుడు, సుమారు 14,000 ఏళ్ల కిందట మొదలైన మంచు తిరోగమనం తరువాత అవి 135 రెట్లు పెరిగినట్టు తేలింది.

ఇన్ని సాక్ష్యాలు ఉన్నా, సంఖ్య పడిపోయిన ప్రతిచోటా వాతావరణాన్నే నిందితుడిగా నిలబెట్టడం తొందరపాటు. అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గరి ఆర్డ్‌లీ దీవిలో జెంటూ పెంగ్విన్ల రెట్ట వేల ఏళ్లుగా పక్కనున్న చెరువు అడుగున చేరుతూ వచ్చింది. 2017లో వెలువడిన ఒక పరిశోధన ఆ బురదపొరల్ని 8,500 ఏళ్ల వెనక్కి చదివి, ఆ గుంపు కనీసం మూడు సార్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయిందనీ, కారణం చలో వేడో కాదు, సమీపంలోని డిసెప్షన్ దీవి అగ్నిపర్వతం నుంచి కురిసిన బూడిద అనీ చూపింది. ప్రతిసారీ కోలుకోవడానికి వందల ఏళ్లు పట్టింది.

మనిషి చెయ్యి కూడా ఈ చరిత్రలో ముందే పడింది. ఎమ్‌స్లీ, విలియం ప్యాటర్సన్ 2007లో వేల ఏళ్ల నాటి అడెలీ గుడ్ల పెంకుల్లోని నైట్రోజన్, కార్బన్ రకాలను పోల్చి చూశారు. చేపల వంటి పెద్ద ప్రాణుల్ని తినే పక్షి శరీరంలో బరువైన నైట్రోజన్ కొంచెం ఎక్కువగా, క్రిల్ వంటి చిన్న జీవుల్ని తినే పక్షిలో తక్కువగా ఉంటుంది. క్రిల్ అంటే సుమారు 6 సెంటీమీటర్ల వరకు పెరిగే, రొయ్యను పోలిన జీవి. వేల ఏళ్లపాటు ప్రధానంగా చేపలు తిన్న అడెలీలు గత 200 ఏళ్లలో హఠాత్తుగా క్రిల్ వైపు మళ్లాయని ఆ పెంకులు చెబుతున్నాయి. 19వ శతాబ్దంలో సీళ్లను, 20వ శతాబ్దంలో తిమింగిలాలను మనుషులు విచక్షణ లేకుండా వేటాడడంతో, అవి తినవలసిన క్రిల్ సముద్రంలో మిగిలిపోయిందనీ, పెంగ్విన్లు ఆ మిగులు మీద పెరిగాయనీ వారి వివరణ. అది నిజమైతే, 20వ శతాబ్దం మధ్యలో లెక్కించిన పెంగ్విన్ల సంఖ్యను సహజమైన సంఖ్యగా పట్టుకోవడం సరికాదు. ఈ ఒక్క కారణం చేతనే యాభై ఏళ్ల లెక్కలు చాలవు, వేల ఏళ్ల లెక్కలు కావాలి.

ఇక నేటి సంగతి. 20వ శతాబ్దపు రెండవ సగంలో అంటార్కిటికా ద్వీపకల్పపు పశ్చిమ తీరంలో సగటు ఉష్ణోగ్రత దాదాపు 3 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అక్కడి పామర్ స్థావరం పరిసర దీవుల్లో 1970ల మధ్యలో సుమారు 15,000 జతల అడెలీలు ఉండేవి. వాటిలో ఐదింట నాలుగు వంతులకు పైగా పోయాయి, లిచ్‌ఫీల్డ్ దీవిలో ఒక్కటీ మిగల్లేదు. వేడి అక్కడ రెండు వైపుల నుంచి దెబ్బ తీసింది. సముద్రపు మంచు తగ్గడంతో ఆ మంచు అడుగున పెరిగే నాచు తగ్గి, దాన్ని తిని శీతకాలం గడిపే క్రిల్ పిల్లలు తగ్గాయి. తెరుచుకున్న నీటి నుంచి గాలిలో తేమ పెరిగి వసంతంలో మునుపటి కన్నా ఎక్కువ మంచు కురవడంతో, గూళ్లు దాని కింద కూరుకుపోయి, అది కరిగినప్పుడు గుడ్లు నీళ్లలో మునిగిపోయాయి. అడెలీకి గుడ్లు పెట్టే తేదీని వెనక్కి జరుపుకొనే వెసులుబాటు తక్కువ; జెంటూ పెంగ్విన్ మాత్రం అవసరమైతే ఆలస్యంగా పెడుతుంది, మొదటి గుడ్లు పోతే మళ్లీ పెట్టగలదు, క్రిల్ లేకపోతే చేపలతో సరిపెట్టుకుంటుంది. అందుకే జెంటూలు అడెలీలు ఖాళీ చేసిన తీరంలో దక్షిణానికి విస్తరిస్తున్నాయి. హిమయుగం ముగిశాక వెచ్చదనం వల్ల లాభపడిన అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ జాతులు మూడింటిలో ఈనాటి వెచ్చదనం వల్ల ఆ ప్రాంతంలో లాభపడుతున్నది ఒక్క జెంటూయే. ఎలిఫెంట్ దీవిలో 1971లో లక్షా ఇరవై వేలకు పైగా ఉన్న చిన్‌స్ట్రాప్ జతలు 2020 నాటికి సగానికన్నా తక్కువకు పడిపోయాయి.

అయితే అదే ద్వీపకల్పపు కొనకు అవతల, మంచు ఇంకా నిలిచి ఉన్న వెడెల్ సముద్రం వైపున, డేంజర్ దీవుల్లో 7,50,000కు పైగా అడెలీ జతలు ఉన్నట్టు 2018లో వెల్లడైంది. పశ్చిమ తీరంలో లేని సమృద్ధి అక్కడ ఉండడానికి కారణం అక్కడి మంచు ఇంకా ఆ పక్షుల హద్దుల్లో ఉండడమే. మరోవైపు తూర్పు అంటార్కిటికాలో 2010లో మెర్ట్‌జ్ హిమనదం కొన విరిగి పెట్రెల్ దీవి పరిసరాల మంచు తీరునే మార్చివేసింది. తీరానికి గట్టిగా అతుక్కున్న మంచు వల్ల పెద్ద పక్షులు తిండి కోసం పదుల కిలోమీటర్లు అదనంగా నడవాల్సి వచ్చి, 2013-14 వేసవిలో ఒక్క పిల్ల కూడా బతకలేదు, మూడేళ్ల తరువాత 18,000 జతల నుంచి బతికిన పిల్లలు రెండే.

ఎంపరర్ పెంగ్విన్ పరిస్థితి వీటన్నింటికన్నా సున్నితం, ఎందుకంటే అది చాలా వరకు నేల మీద కాకుండా తీరానికి అతుక్కున్న సముద్రపు మంచు మీద గుడ్డు పెడుతుంది, అదీ చీకటి శీతకాలంలో. ఆడపక్షి మే, జూన్ నెలల్లో ఒకే గుడ్డు పెట్టి, దాన్ని మగపక్షి పాదాల మీదికి జాగ్రత్తగా దొర్లించి సముద్రానికి వెళ్లిపోతుంది. మగపక్షి పొట్ట కింది చర్మపు మడతతో గుడ్డును కప్పుకొని, తోటి మగపక్షులతో గుంపుగా ఒరుసుకొని నిలబడి, రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా పొదుగుతుంది. జత కట్టడానికి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తే దాని ఉపవాసం దాదాపు నాలుగు నెలలు. పుట్టిన పిల్లకు ఒంటినిండా ఉండే నూగు నీటిని ఆపదు. డిసెంబరు, జనవరి నెలల్లో అసలు ఈకలు వచ్చేదాకా కాళ్ల కింద మంచు నిలవాలి, లేకపోతే పిల్ల మునిగిపోతుంది లేదా తడిసి చలికి చస్తుంది.

ఈ పక్షుల మీద అతి దీర్ఘకాలపు లెక్క తూర్పు అంటార్కిటికాలోని ఫ్రెంచి స్థావరం పక్కనున్న పాయింట్ జియోలోజీ గుంపుది, 1952 నుంచి అక్కడ పక్షుల్ని లెక్కిస్తున్నారు. క్రిస్టోఫ్ బార్‌బ్రో, ఆన్రీ వైమెర్స్‌కిర్ష్ 2001లో ఆ లెక్కలను విశ్లేషించి, 1970ల చివర్లో వచ్చిన కొన్ని వెచ్చని సంవత్సరాల్లో మంచు తగ్గి, పెద్ద పక్షులే ఎక్కువగా చనిపోయి గుంపు సగానికి పడిపోయిందని చూపారు. పిల్లలు పోతే మరుసటి ఏడాది మళ్లీ పెట్టవచ్చు, అయిదేళ్లకు గానీ గుడ్డు పెట్టే వయసుకు రాని జాతిలో పెద్ద పక్షులు పోతే ఆ నష్టం దశాబ్దాలపాటు తీరదు. 1948లో కనుగొన్న డయన్ దీవుల గుంపులో సుమారు 150 జతలు ఉండేవి. 2009 నాటికి ఆ గుంపే లేదు. వెడెల్ సముద్రతీరంలోని హేలీ బే ఎంపరర్ల రెండవ అతిపెద్ద గుంపుకు నిలయంగా ఉండేది. 2016లో తుపాను మంచును ముందుగానే విరగగొట్టి పిల్లలన్నింటినీ తీసుకుపోయింది, తరువాతి రెండేళ్లూ అదే జరిగింది. కొన్ని పెద్ద పక్షులు సమీపంలోని మరో గుంపులో చేరాయి గాని, అన్నీ కాదు. 2022లో బెలింగ్స్‌హౌసెన్ సముద్రంలోని అయిదు గుంపుల్లో నాలుగింటి పిల్లలు ఈకలు రాకముందే మంచు విరిగి నష్టపోయాయి, ఒక ప్రాంతం మొత్తం ఒకేసారి విఫలమైన సందర్భం అంతకుముందు ఉపగ్రహ చరిత్రలో లేదు. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టూ మంచు విస్తీర్ణం ఉపగ్రహాలు కొలవడం మొదలైననాటి నుంచి ఎన్నడూ లేనంతగా తగ్గి, 17,90,000 చదరపు కిలోమీటర్లకు చేరింది.

మంచు లేనిచోటా ఇదే సూత్రం వేరే రూపంలో పనిచేస్తుంది. భూమధ్యరేఖ మీద ఉన్న గాలపాగోస్ పెంగ్విన్ అడుగు నుంచి వచ్చే చల్లని పోషకజలాల మీద బతుకుతుంది. పసిఫిక్ సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కే ఎల్ నీనో వచ్చిన ఏడాది ఆ చల్లని జలాలు ఆగిపోతాయి, అందువల్లనే 1982-83 ఎల్ నీనోలో ఆ జాతి 77 శాతం, 1997-98లో 65 శాతం తగ్గింది. తెలుగునేల రైతు వానల కోసం భయపడే ఎల్ నీనోయే అక్కడి పక్షుల ఆకలికీ కారణం, 1982లో మన దేశం కూడా కరువు చూసింది. దక్షిణాఫ్రికా తీరంలో కవళ్లు వంటి చిన్న చేపలు తూర్పుకు తరలిపోవడం, వాటి కోసం మనుషులు పోటీపడి వల వేయడం కలిసి, ఆఫ్రికన్ పెంగ్విన్‌ను 2024లో తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించే స్థితికి తెచ్చాయి.

గతంలో పెంగ్విన్లు బతికిబయటపడ్డాయి గనుక ఇప్పుడూ బతుకుతాయనే వాదన తరచుగా వినిపిస్తుంది. ఆ వాదన ఒక విషయాన్ని వదిలేస్తుంది. హిమయుగం నుంచి బయటపడడానికి భూమికి దాదాపు 10,000 ఏళ్లు పట్టింది. పక్షులు తరతరాలుగా కొత్త తీరాలకు అంచెలంచెలుగా మారాయి. ఇప్పటి మార్పు ఒకే పక్షి జీవితకాలంలో కనిపిస్తున్నది, ఎంపరర్ సగటున ఇరవై ఏళ్లు బతుకుతుంది. దక్షిణానికి వెళ్లి తప్పించుకుందామన్నా ఖండం అడ్డు, దానికి అవతల సముద్రం లేదు. స్టెఫనీ జెనువ్రియే బృందం 2014లో 45 ఎంపరర్ గుంపులకు లెక్కకట్టి, 2100 నాటికి కనీసం మూడింట రెండు వంతుల గుంపులు సగానికి పైగా తగ్గుతాయని అంచనా వేసింది. ఈ అంచనాను మార్చే శక్తి బొగ్గు, చమురు తగలబెట్టే వేగాన్ని తగ్గించడంలోనే ఉంది.

కానీ అంతవరకు ఆ పక్షుల ఆహారాన్ని కాపాడే మార్గం ఒకటి ఉంది. అంటార్కిటిక్ సముద్ర జీవవనరుల పరిరక్షణ సంఘం 2016లో రాస్ సముద్రంలో 15,50,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా చేసి, అందులో ఎక్కువ భాగంలో చేపల వేటను నిషేధించాలని నిర్ణయించింది. తూర్పు అంటార్కిటికాకూ, వెడెల్ సముద్రానికీ ఇలాంటి రక్షణ కావాలన్న ప్రతిపాదనలు మాత్రం సంఘంలో సభ్యులందరూ ఏకాభిప్రాయానికి వస్తేనే అమలవుతాయి కాబట్టి, ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. భారతదేశం ఆ సంఘంలో సభ్యదేశం, 2021లో ఆ ప్రతిపాదనలకు మద్దతు ప్రకటించింది కూడా. లార్స్‌మన్ కొండల్లోని మన భారతి స్థావరం ఉన్న తీరప్రాంతంలోనే అమాండా బే ఎంపరర్ గుంపు ఉంది. కొందరి అభ్యంతరాల వల్ల ఆగిన ఈ నిర్ణయాన్ని ముందుకు నడిపించే బాధ్యతను మన ప్రభుత్వం ప్రతి వార్షిక సమావేశంలోనూ గట్టిగా తలకెత్తుకోవాలి, అలా చేయమని చదువుకున్న పౌరులు అడగాలి.